గడ్డి మీద నడవరాదు

17 ఫిబ్రవరి, సోమవారం

వీరేందర్ నడుం ఎలా ఉంది? నయమే అంటున్నాడు గానీ డ్యూటీ దిగి వచ్చి మెట్లు ఎక్కేటప్పుడు గోడ పట్టుకుంటున్నాడు. బొగ్గుబాయిలో అంత పెద్ద డంపర్ నడిపే కొడుక్కి నడుం ఎలా బాగుంటుంది. కోడలు భవాని థైరాయిడ్ మాత్ర వేసుకుందా? పరగడుపునే వేసుకోవాలి, టీ తాగాక గుర్తొస్తుంది ఆమెకు. మనవరాలు హర్షిత ఖమ్మం హాస్టల్లో సరిగ్గా తింటోందా, పరీక్షలని కడుపు మాడ్చుకుంటోందా? నా కుడికన్ను బాగుంది. ఆపరేషన్ అయిన కన్ను కదా, ఎండలో మాత్రం నల్ల అద్దాలు పెట్టుకోమన్నారు. నా చెల్లెలు సోమ్లి ఎలా ఉందో. ఇల్లుగలాయన పోయాక ఎలా ఉందో.

రాత్రిబడిలో పంతులమ్మ మాకు ఉత్తరం రాయడం ఒక్కటే నేర్పింది. అందరి బాగోగులు అడక్కుండా రాత మొదలుపెట్టడం నాకు చేతకాదు. జవాబు రాసేవాళ్లు ఎవరూ లేరు. అయినా అడుగుతాను.

ఈ రోజు పక్క క్వార్టర్ యశోదమ్మ వచ్చింది. కాలనీ ఆడవాళ్లనందరినీ ఆదివారం బస్సులో తీసుకెళ్తుందట. అశ్వారావుపేట అవతల దొర బంగ్లా ఉంది కదా, దాన్ని బాగుచేసి తోటలు వేసి జనానికి తెరిచారట. టికెట్ పెట్టారట.

"అనంతమ్మా, నువ్వు రావాలె. మీ దిక్కే కదా అది" అంది.

మా దిక్కే. బంగ్లా వెనక వాగు దాటితే మా తండా. సోమ్లి ఇల్లు అక్కడే.

సరే అన్నాను. అన్నప్పటినుంచి గుండెలో ఏదో గీరుతోంది. గ్యాస్ కట్టేశానో లేదో అని లేచి చూసి వచ్చాను. కట్టేసే ఉంది.

18 ఫిబ్రవరి

సోమ్లికి ఫోన్ చేద్దామనుకున్నాను. ఫోన్లో చార్జింగ్ లేదు.

20 ఫిబ్రవరి

మా కాలనీ జంపక్క వచ్చి కూర్చుంది. ఆమె ఎప్పుడూ చెప్పులు విప్పకుండానే గుమ్మంలో కూర్చుని మాట్లాడుతుంది. లోపలికి రమ్మంటే "వస్తే పని చెప్తవ్" అంటుంది.

"పులిహోర నువ్వు చెయ్, పెరుగన్నం నేను తెస్త. యశోదమ్మ ఏం తెస్తదో తెల్సా? మైకు."

నవ్వాను. బస్సు బ్రేకులు ఎవరైనా చూశారా అని అడిగాను. "డ్రైవర్‌కు కూడ ప్రాణం మీద ఆశ ఉంటదమ్మా" అంది.

చిన్నప్పుడు సోమ్లీ నేనూ ఆవుల వెంట పోయి బంగ్లా ముళ్లకంచె సందులోంచి చూసేవాళ్లం. మెట్ల పక్కన సింహం నోట్లోంచి నీళ్లు పడేవి. కావలివాడు కేకేస్తే పరుగు. సోమ్లి కాలి మీద ఎద్దు తొక్కింది అలా పరుగెత్తినప్పుడే. అప్పటినుంచి ఆ కాలు మడత పడదు. పెద్దయ్యాక ఇద్దరం పెద్ద గేటులోంచే పోదాం బాయీ అనేది. మాలో అక్కను బాయీ అంటారు.

సోమ్లిని కూడా రమ్మని చెప్పొచ్చు. కానీ చెబితే రోడ్డు మీదికే వస్తుంది. ఆయన పోయాక మేము కలుసుకోవడం ఇదే మొదలు అవుతుంది. కార్తీకంలో సోమ్లి మొగుడు బిచ్యా పోయినప్పుడు నాకు కంటి ఆపరేషన్ అయి ఉంది. కన్నీళ్లు రాకూడదు, ఏడవకూడదు అన్నాడు డాక్టర్. అందుకే పోలేదు. వీరేందర్ ఒక్కడే పోయి మట్టి పోసి వచ్చాడు.

కలిస్తే ఏడవాలి. బస్సు నిండా మనుషులు.

21 ఫిబ్రవరి

ఫోన్ చేయలేదు. తండాలో సిగ్నల్ ఉండదు.

23 ఫిబ్రవరి, ఆదివారం

వెళ్లొచ్చాము. కాళ్లు వాచాయి. బస్సుకు ఏమీ కాలేదు, దేవుడి దయ.

అశ్వారావుపేట దాటాక రోడ్డుకు రెండు పక్కలా పామాయిల్ తోటలే. మా చిన్నప్పుడు అదంతా టేకు, మద్ది. బంగ్లా ముళ్లకంచె లేదు, తెల్లగోడ కట్టారు. పెద్ద గేటుకు నల్లరంగు, పైన బంగారు రంగు బొడిపెలు. టికెట్ చించి లోపలికి వదిలారు. లోపల ఎర్రకంకర బాట, రెండు వైపులా గొడుగుల్లా కత్తిరించిన చెట్లు. అంత పచ్చగడ్డి పరిచారు, ఒక్క ఆవు లేదు. గడ్డి మీద నడవరాదు అని బోర్డు. సింహం ఉంది. నోట్లోంచి నీళ్లు వస్తున్నాయి. దగ్గర్నుంచి చూస్తే చిన్న సింహమే.

బంగ్లా చూపించే పిల్లవాడు చక్కగా మాట్లాడాడు. దొరవారు ఎండాకాలం ఇక్కడ విడిది చేసేవారట. హాలు దూలానికి ఇంత పొడుగు గుడ్డ పంకా. దాని తాడు గోడ కంతలోంచి బయటి వరండాలోకి పోతుంది. తాడు లాగే మనిషి బయట కూర్చునేవాడు, లోపలివాళ్లకు కనిపించకుండా, అని చెప్పాడు.

జంపక్క ఊరుకోలేదు. "మా ఇంట్ల కరెంటు పోతే నేనే విసురుత బాబూ. నన్ను చూడనీకి ఎవ్వరు టికెట్ కొనరు."

ఆ పిల్లవాడు కూడా నవ్వాడు.

ఇంకో గదిలో అద్దాల బీరువాలో మా పాతకాలం బట్టలు పెట్టారు. అద్దాలు కుట్టిన లంగా, రవిక, చేతికి భుజం దాకా తెల్లగాజులు. కింద ఏదో రాసి ఉంది. "ఇవి మీవే కదా అనంతమ్మా?" అని యశోదమ్మ అడిగింది. ఏమో, పాతకాలం వాళ్లవి అన్నాను. కుట్టు ఏమీ బాగాలేదు. మా అమ్మ కుట్టు ఇంతకంటే సన్నం.

తోటలో కలుపు తీసే ఆమె ఒకతి నన్ను చూసి ఎవరో అనుకుంది. దగ్గరికి వచ్చి ఏడ్చింది. ఎండ కళ్లలో పడుతోంది, నల్ల అద్దాలు పెట్టుకుని ఉన్నాను, సరిగ్గా కనపడలేదు. మేనేజర్ వచ్చి ఆమెను తీసుకెళ్లాడు. అంతే.

తర్వాత చెట్టు కింద కూర్చుని తిన్నాము. పులిహోరలో ఉప్పు తక్కువైంది. ఎవరూ అనలేదు గానీ తక్కువైంది.

ఇంటికొచ్చి స్నానం చేశాను. మెడ దగ్గర మట్టి. మళ్లీ చేశాను.

24 ఫిబ్రవరి

ఆ ఎండకు ఎవరికైనా ఏమి కనపడుతుంది. నల్ల అద్దాల్లోంచి అందరూ ఒక్కలాగే ఉంటారు. తోటపనివాళ్లందరికీ ఒకటే ఆకుపచ్చ కోటు, ఒకటే టోపీ. డాక్టర్ కూడా చెప్పాడు, కొత్త కన్నుకు వెలుతురు పడదు అని.

వీరేందర్ అడిగాడు, ఎట్లుంది బంగ్లా అని. బాగుంది అన్నాను.

"సోమ్లి చిన్నమ్మను చూసినవా? అక్కడిదాక పోయినవ్ కదా."

బస్సు ఆగలేదు అన్నాను. బస్సు ఆగలేదు నిజమే. తండా దగ్గర ఆగలేదు.

26 ఫిబ్రవరి, శివరాత్రి

ఒక్కపొద్దు. ఆకలి లేదు.

పొద్దున హర్షిత ఫోన్ చేసింది. యశోదమ్మ కాలనీ గ్రూపులో ఫోటోలు పెట్టిందట, భవాని దానికి పంపిందట.

"నానమ్మా, నల్ల అద్దాలల్ల హీరోయిన్ లెక్క ఉన్నవ్."

"పోవే."

"అది కాదుగానీ, సింహం దగ్గర దిగిన ఫోటో ఉంది చూడు. మీ అందరి వెనక ఒకామెను ఎవరో చెయ్యి పట్టి తీస్కపోతున్నరు. సోమ్లి నానమ్మ కదా అది?"

"కాదు."

"కాలు ఎట్ల వేసిందో చూడు. పెద్దగ చేసి చూసిన నేను."

"ఆకుపచ్చ కోటు వేసుకున్న ఆడోళ్లు అక్కడ మస్తుమంది ఉన్నరే. నీకు చదువు లేదా, ఫోటోలు చూస్కుంట కూసున్నవ్."

పిల్ల తెలివైనది. తర్వాత వేరే సంగతి అడిగింది, మన తండా వాళ్లు కలుసుకున్నప్పుడు ఎందుకు ఏడుస్తరు, హాస్టల్ల ఒక పిల్ల అడిగింది, నాకు చెప్పరాలే అంది. నాకు తెలుసు, ఏ పిల్లా అడగలేదు.

చెప్పాను. చాలా రోజులకు కలిసినా, మధ్యలో చావు జరిగి కలిసినా, ఒకరి మెడ ఒకరు పట్టుకుని ఏడుస్తాము. ఊరికే ఏడవడం కాదు, మాటలు ఉంటాయి. జరిగిందంతా ఒకరు పాటలాగా చెప్పి ఆగుతారు. రెండో ఆమె అందుకుని జవాబు ఏడవాలి. అలా ఇద్దరికీ బరువు దిగినాకే కూర్చోవడం, నీళ్లు తాగడం, మామూలు మాటలు.

"రెండో ఆమె ఏడ్వకపోతే?"

"ఎందుకు ఏడ్వదు, ఏడుస్తది."

"ఏడ్వకపోతే నానమ్మా?"

కుక్కర్ కూత వేసింది అని చెప్పి ఫోన్ పెట్టేశాను. ఉపవాసం నాడు కుక్కర్ ఏంది. దానికి కూడా తెలిసే ఉంటుంది.

27 ఫిబ్రవరి

మా అమ్మ అనేది, జవాబు రాని ఏడుపు పీనుగు మీద ఏడుపే అని. చచ్చినవాళ్లు ఒక్కరే తిరిగి ఏడవరు.

కుడికన్ను అదురుతోంది. ఆడవాళ్లకు కుడికన్ను మంచిది కాదు. ఆపరేషన్ కన్ను కాబట్టి లెక్కలోకి రాదేమో.

2 మార్చి, ఆదివారం

సోమ్లి కొడుకు తిరుపతి, వీరేందర్‌కు ఫోన్ చేశాడు. వీరేందర్ పెరట్లోకి పోయి మాట్లాడాడు. లోపలికి వచ్చి నా ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. నడుం నొప్పి ఉన్నవాడు అలా విసురుగా కూర్చోకూడదు.

"అమ్మా. సోమ్లి చిన్నమ్మ బంగ్లా తోటల పనికి కుదిరిందంట. నీకు తెల్సా?"

"నాకెట్ల తెలుస్తది?"

"ఇప్పుడు ఆమెను ముందుతోటలకు రావొద్దన్నరంట. వెనక నారుమడి కాడ, ఎవ్వరు కనపడని తాన వేసిన్రంట. పిచ్చిదని."

"పిచ్చిదని ఎవరన్నరు?"

"మేనేజర్. ఆయన తప్పేముంది? ఈమె పోయి ఒకామె మెడ మీద పడి ఏడ్చింది. ఆ వచ్చినామె, ఈమె ఎవరో నాకు తెల్వదన్నది. తెల్వనోళ్ల మీద పడి ఏడ్చేటోళ్లను ఇంకేమంటరు?"

భవాని తువ్వాళ్లు మడతపెడుతోంది. మడతపెట్టిందే విప్పి మళ్లీ మడతపెడుతోంది.

"అద్దాలు పెట్టుకున్న బిడ్డా. ఎండకు..."

"అద్దాలల్లకెళ్లి టీవీల సీరియల్ చూస్తవ్ కదా."

"డాక్టర్ ఏడ్వొద్దన్నడు."

"ఎప్పుడన్నడు? మొన్న చూపెట్టినప్పుడు అన్ని మామూలే అన్నడు. నేనే తీస్కపోయిన కదా."

వాడు లేచాడు. గుమ్మం దగ్గర ఆగి, వెనక్కి చూడకుండానే అన్నాడు.

"మా నాయన పోయినప్పుడు నేను ఆ మట్టిల కూసుంటే నా తల ఒళ్లె పెట్టుకున్నది చిన్నమ్మ."

4 మార్చి

రాయకపోతే నిద్ర రాదు, రాస్తే కూడా రాదు. రాస్తాను.

దూరం నుంచే గుర్తుపట్టాను.

వాళ్లు గడ్డిలో వరుసగా కూర్చుని కలుపు తీస్తున్నారు. వీపులే కనపడుతున్నాయి. అందరూ గొంతుక్కూర్చున్నారు, ఒక్కతి మాత్రం ఎడమ మోకాలు నేలకు ఆనించి కుడికాలు బారజాపి కూర్చుంది. అలా కూర్చునేది భూమ్మీద ఒక్కతే. నల్ల అద్దాలు ఏమి చేస్తాయి. నాకు కళ్లు రెండూ లేకపోయినా తెలిసేది.

గులాబీల వైపు తిరిగాను. యశోదమ్మకు అవతలి పక్కకు మారాను. ఈ గులాబీ రంగు చూడండి అన్నాను. నా గొంతు విని ఉంటుంది సోమ్లి. నా గొంతే నన్ను పట్టించింది.

లేచింది. బాట చుట్టూ తిరిగి రాలేదు, గడ్డి మీదినుంచే అడ్డంగా వచ్చింది, ఆ కాలు ఈడ్చుకుంటూ. ఎవరో ఈల వేశారు. ఆమె ఆగలేదు. చేతులకు మట్టి. ఆ చేతులే నా మెడ చుట్టూ వేసింది. రవిక లోపలికి మట్టి రాలింది. ఏడుపు ఎత్తుకుంది మా మాటలో. ఓ బాయీ, నా మనిషి పోయిండు బాయీ. పొద్దుగూకేదాక తొవ్వ చూసిన బాయీ. నీ కొడుకు వచ్చిండు, నువ్వు రాలేదు బాయీ. నీ కంటికి నొప్పి చేసిందట కదా, ఆ కన్ను నాకు ఇయ్యరాదా బాయీ. మన యాడీ లేదు, నాకు యాడీ నువ్వే కదా బాయీ.

యాడీ అంటే అమ్మ.

అక్కడ ఆగింది. నేను అందుకోవడానికి ఆగింది. ముఖం నా భుజం మీద పెట్టి ఊపిరి బిగబట్టింది. నాకు తెలుసు ఆ ఆగడం. ఆ జాగా నాది.

కాలనీ వాళ్లందరూ చూస్తున్నారు. ఇంకో ఊరి నుంచి వచ్చిన పిల్లలు ఫోన్లు పైకెత్తారు. నా రెండు చేతులూ కిందికే ఉన్నాయి. ఒక చేతిలో పులిహోర డబ్బా సంచి.

"ఎవరమ్మా నువ్వు? ఎవరనుకున్నవ్?" అన్నాను. తెలుగులో.

సోమ్లి తల ఎత్తింది. అద్దాల్లోకి చూసింది. అద్దాల్లో ఆమెకు ఆమే కనపడి ఉంటుంది. మేనేజర్ వచ్చి, "సారీ మేడం, తెలిసిన మనిషా?" అని నన్నే అడిగాడు. అప్పుడైనా చెప్పొచ్చు. తెల్వదు అన్నాను. అతను ఆమె మోచేయి పట్టుకున్నాడు. ఆమె వెళ్లింది. మళ్లీ గడ్డి మీదినుంచి పోబోతుంటే, బాట మీద నడువు అన్నాడు.

వాళ్లు ఇంకా వెనక నడుస్తుండగానే సింహం దగ్గర ఫోటో దిగాము. నేను నవ్వాను.

ఎందుకు అలా చేశాను అని నన్ను నేనే అడుగుతున్నాను. బీరువాలో బట్టలు చూసినప్పటినుంచే ఒళ్లు జంకుతోంది. అందరూ వాటిని వంగి వంగి చూశారు, చచ్చినవాళ్ల సామాను చూసినట్టు. నన్ను కూడా అలా చూస్తారేమో అనిపించింది. ఇది కూడా సాకేనేమో. తెల్వదని అనమని బీరువా నాకు చెప్పలేదు కదా.

5 మార్చి

భవాని మాత్ర టీ తర్వాతే వేసుకుంది. చెప్పడానికి నాకు నోరు రాలేదు. ఎవరికైనా ఏదైనా చెప్పడానికి నోరు రావడం లేదు.

6 మార్చి

యశోదమ్మ దగ్గరికి పోయాను. జంపక్క కూడా అక్కడే ఉంది, చిక్కుడుకాయలు ఈనెలు తీస్తోంది. ఇద్దరికీ ఒకసారే చెబితే ఒకసారే సిగ్గుపడొచ్చు అనుకున్నాను.

"తోటల ఏడ్చినామె... నా చెల్లెలు" అన్నాను.

యశోదమ్మ తల కూడా ఎత్తలేదు. "తెల్సు."

"ఎట్ల?"

"ఎట్లంటే, ముక్కు ఒక్కటే, నుదురు ఒక్కటే. ఆమె నీ పక్కన నిలవడితే అద్దం పెట్టినట్టే ఉన్నది."

జంపక్క అంది, "నల్ల అద్దాలు నీ కండ్లకు పెట్టుకున్నవ్ అనంతక్కా. మా కండ్లకు పెట్టలేదు కదా."

అంటే బస్సులో వచ్చేటప్పుడు వాళ్లకు తెలుసు. పులిహోర తిన్నప్పుడు తెలుసు. ఉప్పు తక్కువైనా అనకపోవడం అందుకే. ఎవరి దగ్గర దాచానో వాళ్లకు తెలుసు, ఎవరిని తెలుసు అనాలో ఆమెను తెల్వదన్నాను.

"మరి అప్పుడే అడగొచ్చు కదా మీరు" అన్నాను. కోపం కూడా వచ్చింది. దొంగకు ఎప్పుడూ కోపమే ముందు వస్తుంది.

"నువ్వు తెల్వదంటివి. పదిమందిల నిన్ను అబద్ధాలదాన్ని చెయ్యాలెనా?" అంది యశోదమ్మ. "ఆ రోజు సంది నాకు సుత మంచిగ లేదు. ఫోటో కూడ తీసేద్దామనుకున్న. తీసేస్తే ఇంక నువ్వు అసలే చెప్పవని ఉంచిన."

జంపక్క చిక్కుడుకాయల గిన్నె నా ముందుకు జరిపింది. "ఈనెలు తియ్. చేతులకు పని పెడితే ఏడుపు ఆగుతది."

నేను ఏడవడం లేదు అన్నాను. తీస్తూ కూర్చున్నాను. చీకటి పడేముందు వచ్చేశాను.

8 మార్చి

ఫోన్ చేశాను. చార్జింగ్ ఉంది. సిగ్నల్ కూడా ఉంది. ఇన్నాళ్లూ ఉంది.

సోమ్లే ఎత్తింది. నేను మా మాటలో, "సోమ్లీ, బాయీని" అన్నాను.

అవతల కోడి అరుస్తోంది. ఎవరో నీళ్లు తోడుతున్నారు.

"ఎవరమ్మా మీరు? ఎవరు కావాలె?" అంది. తెలుగులో. మీరు అంది.

పెట్టేసింది.

ఫోన్ చేతిలో పట్టుకుని ఎంతసేపు కూర్చున్నానో. భవాని వచ్చి చేతిలోంచి తీసుకుని బల్ల మీద పెట్టింది. తర్వాత టీ తెచ్చింది. ఇద్దరం తాగాము. ఆమె మాత్ర ముందే వేసుకున్నానని చెప్పింది, నేను అడక్కుండానే.

10 మార్చి

మళ్లీ చేయలేదు. మళ్లీ అదే మాట వినే ధైర్యం లేదు. నేను అన్న మాటే అది. నాకు రెండుసార్లు వినడానికే ప్రాణం పోతోంది, పదిమందిలో విన్నామె ఎలా నడిచి వెళ్లింది.

సోమ్లికి ఏమైనా అయితే? జ్వరం వస్తే? వయసు మీద ఎండలో పని. ఏడుపు లోపలే ఆగిపోతే రొమ్ములో గడ్డకడుతుందని అనేవాళ్లు. ఆగిన ఏడుపు ఆమెదా, నాదా?

వీరేందర్‌ను అడిగాను, తిరుపతికి చెప్పు, నేను తండాకు వస్తానని చెప్పు అని.

"నువ్వే చెప్పు."

"నా ఫోన్ ఎత్తరు."

"నేను చేసి నీకిస్త. నువ్వే మాట్లాడు."

చేసి ఇచ్చాడు. తిరుపతి పెద్దమ్మా అన్నాడు, మర్యాదగానే. అమ్మను అడిగి చెప్త అన్నాడు. గొంతులో తడి లేదు.

14 మార్చి, హోళీ

సోమ్లి ఇంట్లో ఈ ఏడు హోళీ లేదు. చావు జరిగిన ఇల్లు. మా తండాలో హోళీ అంటే రాత్రీ పగలూ పాటలే, ఆడవాళ్లు కర్రలు పట్టుకుని మొగవాళ్లను తరుముతారు. సోమ్లి ఆ కాలితోనే తరిమేది, అందరికంటే ముందు ఆమే పట్టుకునేది.

కాలనీలో పిల్లలు రంగులు చల్లుకున్నారు. యశోదమ్మ నా చెంపకు కొంచెం గులాల్ రాసింది. కడిగేశాను.

తిరుపతి ఫోన్ రాలేదు.

16 మార్చి, ఆదివారం

వచ్చింది. తిరుపతి నాకే చేశాడు.

"పెద్దమ్మా, అమ్మ ఇంటికి రావొద్దంటున్నది."

సరే బిడ్డా అన్నాను. ఇంకేమి అంటాను.

"మొత్తం విను. ఇంటికి రావొద్దంటున్నది. ఎక్కడ విడిచిపెట్టిందో అక్కడికే రమ్మంటున్నది. ఆ తోటలకు. ఆదివారం, జనం ఉన్నప్పుడు."

ఫోన్ ఇంకో చెవికి మార్చుకున్నాను.

"ఇంకోటి. మేనేజర్‌ను పిలిచి, ఈమె ఎవరో నువ్వే చెప్పాలెనంట. వీరేందరన్న చెప్పుడు కాదు, నేను చెప్పుడు కాదు. నేను ఫోన్‌ల చెప్త అంటే సుత ఒప్పుకోలే. ఎవరు తెల్వదన్నరో వాళ్లే చెప్పాలె అన్నది."

"చెప్త" అన్నాను. "మరి ఆమెను ముందుతోటలకు రానియ్యరు కదా?"

అప్పుడు మొదటిసారి తిరుపతి గొంతు కొంచెం మెత్తబడింది.

"ఆ రోజు సెలవు పెడుతదంట. ఆకుపచ్చ కోటు వేసుకోదంట. టికెట్ కొనుక్కొని పెద్ద గేటుకెళ్లే వస్తదంట. అంత పనిచేసినా ఆ గేటు లోపలికి ఎన్నడు పోలేదట పెద్దమ్మా, పనోళ్లకు వెనక తలుపు. నీకు చెప్తే తెలుస్తది అన్నది. ఏంది అది?"

ముళ్లకంచె సందులోంచి ఇద్దరి ముఖాలు. నీళ్లు పోసే సింహం.

"తెలుస్తది" అన్నాను.

18 మార్చి

వీరేందర్ నడుం ఎలా ఉందో అడగాలి, తనే బండి తోలతానంటున్నాడు. వద్దు, బస్సులో పోదాం అంటే వినడు. హర్షిత ఖమ్మం నుంచి నేరుగా వస్తుందట. వద్దే, చదువు పోతుంది అన్నాను. "నేను పట్టుకుంట నానమ్మా, పడిపోతే" అంది. యశోదమ్మ, జంపక్క కూడా వస్తామన్నారు. సిగ్గుతో వద్దన్నాను. "నువ్వు తెల్వదన్నప్పుడు చూసినోళ్లం, తెల్సు అన్నప్పుడు చూడొద్దా?" అంది జంపక్క. పులిహోరలో ఈసారి ఉప్పు తనే వేస్తుందట.

ఒకటే భయం. ఏడుపు మాటలు మరిచిపోయానేమో అని. ఎన్నో ఏళ్లైంది మా మాటలో గొంతెత్తి. ఈ రోజు స్నానాల గదిలో నల్లా తిప్పి, మెల్లగా ఎత్తుకుని చూశాను. మొదటి మాట వచ్చింది. రెండోది రాలేదు. భవాని తలుపు కొట్టింది.

"అత్తమ్మా, కడుపునొప్పా?"

"కాదే. ఏడుపు నేర్చుకుంటున్న."

తలుపు అవతల నవ్వింది. తర్వాత అక్కడే నిలబడింది, నీడ కనపడుతూనే ఉంది. నేను నల్లా కట్టేసి మళ్లీ ఎత్తుకున్నాను. ఓ సోమ్లీ, పొద్దుగూకేదాక తొవ్వ చూసినవా సోమ్లీ. తొవ్వ నేనే మూసిన సోమ్లీ. అంతవరకు వచ్చింది. మిగతాది ఆమె మెడ పట్టుకుంటే వస్తుందేమో. రాకపోతే వచ్చిందే మళ్లీ మళ్లీ ఏడుస్తాను.

ఆమె చేతులు చాపకపోతే? చాపకపోయినా నేను ఎత్తుకుంటాను. ఆమె ఆగినట్టే నేను కూడా ఆగుతాను. ఎవరమ్మా నువ్వు అంటే, బాయీ అన్నదాకా నిలబడతాను.

పెట్టె అడుగు నుంచి అమ్మ కుట్టిన అద్దాల రవిక తీశాను. పట్టదు. దానితో పాటు ఉన్న కొంగు ఒకటి బాగుంది, పురుగు కొట్టలేదు. తలమీద కప్పుకుంటాను. నల్ల అద్దాలు ఇంట్లోనే పెడతాను. ఎండ ఉంటే ఉండనీ.

గడ్డి మీద నడవనిస్తారో లేదో. బాట మీద నిలబడి ఏడిస్తే చాలదు, ఆమె వచ్చింది గడ్డి మీదినుంచి.

23 మార్చి, ఆదివారం, పొద్దున పదింటికి, పెద్ద గేటు దగ్గర.